ఫ్లూ మహమ్మారికి పొరుగు దేశాలు కలిసి సిద్ధపడటం అంటే నేల మీద ఏం చేస్తారు?

అడిగినవారు పబ్లిక్ హెల్త్ విద్యార్థి. వారి ప్రశ్న క్లుప్తంగా ఇది: కోవిడ్ వచ్చినప్పుడు ప్రతి దేశమూ ముందు తన గేటు మూసుకుంది. రేపు బర్డ్ ఫ్లూ లాంటిది మనుషుల నుంచి మనుషులకు పాకడం మొదలైతే పక్కపక్క దేశాలు నిజంగా కలిసి పనిచేస్తాయా? సంతకాలు, ఫొటోలు పక్కన పెడితే ఉమ్మడి సన్నాహం పేరుతో అసలు జరిగేదేమిటి?

సూటిగా చెబుతాను. పనిచేయగలవు, చేసిన సందర్భాలు ఉన్నాయి. సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న రెండు జిల్లాల ఆరోగ్య అధికారులకు, పైనుంచి ధ్రువీకరణ రాకముందే ఒకరికొకరు ఫోన్ చేసుకునే అనుమతి ఉందా? ఆ ఫోన్ చేసే చనువు ఉందా? సన్నాహమంతా ఈ రెండింటి మీదే నిలబడుతుంది. అనుమతి రాజధానిలో సంతకంతో వస్తుంది. చనువు మాత్రం మామూలు రోజుల్లో, ఏ ఫ్లూ లేనప్పుడు కలిసి పనిచేస్తేనే వస్తుంది. మందుల నిల్వలు, ల్యాబులు, టీకాలు అన్నీ కావాలి. కానీ ఈ రెండూ లేనిచోట అవి ఆలస్యంగా కదలడం నేను చూశాను.

నా సంగతి రెండు ముక్కల్లో. అంటువ్యాధుల నిఘాలో పాతికేళ్ళకు పైగా ఉన్నాను. మొదట ఉత్తరాంధ్రలో జిల్లా స్థాయి సర్వైలెన్స్, తర్వాత కొన్నేళ్ళు మెకాంగ్ నది పక్కన లావోస్, థాయ్‌లాండ్ సరిహద్దు సిబ్బందికి శిక్షణ. అందుకే నా ఉదాహరణలు ఎక్కువ అక్కడివే ఉంటాయి.

జిల్లా స్థాయి ఎందుకంత ముఖ్యం?

ఫ్లూ మనకు టైమ్ ఇవ్వదు. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక లక్షణాలు కనపడటానికి ఒకటి నుంచి నాలుగు రోజులు, ఎక్కువమందిలో రెండు రోజులు పడుతుంది. జ్వరం రావడానికి ముందు రోజు నుంచే ఆ మనిషి ఇంకొకరికి అంటించగలడు. ఒకరి నుంచి ఇంకొకరికి, వారి నుంచి మరొకరికి, ఇలా ఒక్కో మెట్టుకి సుమారు మూడు రోజులు అనుకోండి.

ఇప్పుడు ఒక కబురు ప్రయాణం చూడండి. నది ఇవతలి జిల్లా ఆసుపత్రి డాక్టరుకి అనుమానం వచ్చింది. శాంపిల్ రాజధానికి వెళ్ళాలి, పరీక్ష కావాలి, ఫలితం ఆరోగ్య శాఖకి చేరాలి, అక్కడి నుంచి పొరుగు దేశపు ఆరోగ్య శాఖకి, వాళ్ళ రాష్ట్రానికి, చివరికి నది అవతలి జిల్లాకి రావాలి. దీనికి తొమ్మిది పది రోజులు పడితే మూడు మెట్లు దాటిపోయినట్టే. ఆ రోగి మేనత్త మాత్రం పరామర్శకి వచ్చి, పడవెక్కి, అదే సాయంత్రం అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయి ఉంటుంది. మనుషులు పడవలో, కబురు రాజధానుల చుట్టూ తిరిగి వెళ్తే మనం ఎప్పటికీ వెనకే ఉంటాం.

అంతర్జాతీయ నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2005లో సవరించి, 2007 జూన్‌లో అమల్లోకి తెచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం కొత్త రకం ఇన్‌ఫ్లుయెంజా ఒక్క మనిషిలో కనిపించినా, నిర్ధారించుకున్న 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెప్పాలి. ఇది చాలా విలువైన నిబంధన. కానీ ఆ 24 గంటలు నిర్ధారించుకున్నాక మొదలవుతాయి. అనుమానం నుంచి నిర్ధారణ దాకా పోయే రోజులే అసలు సమస్య, ఆ ఖాళీని పూడ్చగలిగేది పక్క జిల్లాతో ఉన్న సంబంధమే.

మెకాంగ్ దేశాలు ఏం చేశాయి?

కంబోడియా, లావోస్, మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం, చైనా (అందులో యునాన్, గ్వాంగ్సీ రాష్ట్రాలు) 1999లో మాట్లాడుకోవడం మొదలుపెట్టి, 2001లో అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. దాని పేరు మెకాంగ్ బేసిన్ డిసీజ్ సర్వైలెన్స్. ఈ దేశాల మధ్య ఇరవయ్యో శతాబ్దంలో ఎన్ని యుద్ధాలు జరిగాయో తెలిసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. గమనించండి, అప్పటికి 2003–04 నాటి బర్డ్ ఫ్లూ ఇంకా రాలేదు. వాళ్ళు మొదలుపెట్టింది డెంగీ, కలరా, మలేరియా లాంటి రోజువారీ జబ్బులతో.

అదే వాళ్ళని కాపాడిందని నా అభిప్రాయం. సరిహద్దు జిల్లాలను జంటలుగా పెట్టారు. థాయ్‌లాండ్ వైపు ముక్దహాన్, లావోస్ వైపు సవన్నఖేత్ అలాంటి జంటే, మధ్యలో నది. ఈ వారం మా దగ్గర డెంగీ ఇన్ని, విరేచనాలు ఇన్ని అని ఒకరికొకరు చెప్పుకోవడం పని. జట్టులో డాక్టర్లే కాదు, కస్టమ్స్, ఇమిగ్రేషన్, పశుసంవర్ధక శాఖల మనుషులు కూడా ఉంటారు. మన దగ్గర ఐడీఎస్‌పీలో, అంటే అంటువ్యాధుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ కార్యక్రమంలో, పనిచేసినవాళ్ళకి నిల్ రిపోర్టు విలువ తెలుసు. కేసులు లేకపోయినా 'ఏమీ లేవు' అని రాసి పంపడం. ఆ నిల్ రిపోర్టే ఇద్దరు మనుషుల మధ్య దారి పూడుకుపోకుండా చూస్తుంది. ఏళ్ళ తరబడి మాట లేని మనిషికి అర్ధరాత్రి ఫోన్ చేసి "మా దగ్గర అనుమానపు కేసు ఉంది" అని ఎవరూ చెప్పరు.

2007 ఫిబ్రవరిలో దీనికి అసలు పరీక్ష వచ్చింది. లావోస్ రాజధాని వియంటియాన్‌కి చెందిన 15 ఏళ్ళ అమ్మాయికి జబ్బు చేసింది. ముందు అక్కడే ఆసుపత్రిలో చూపించారు, తర్వాత నది దాటించి థాయ్‌లాండ్‌లోని నోంగ్ ఖాయ్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మంచి వైద్యం కోసం నది దాటడం అక్కడ మామూలే, మన దగ్గర శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్ళినట్టు. ఆమెకి సోకింది హెచ్5ఎన్1, అంటే బర్డ్ ఫ్లూ వైరస్. లావోస్‌లో మనుషుల్లో తేలిన మొదటి కేసు అదే. మార్చిలో ఆ అమ్మాయి చనిపోయింది.

వైద్యం చేసేది ఒక దేశం, కోళ్ళూ కుటుంబమూ ఇరుగుపొరుగూ ఉన్నది ఇంకో దేశంలో. థాయ్ డాక్టర్ల దగ్గర రోగి వివరాలు ఉన్నాయి, లావోస్ సిబ్బందికి ఆమె ఇల్లు తెలుసు. రెండూ కలిస్తేనే విచారణ. ఆ పని రెండు వైపులవాళ్ళూ కలిసి చేశారు. ముందునుంచే పరిచయాలు లేకపోతే "మా మీద నెపం వేస్తున్నారు" అని ఒకరు, "సమాచారం దాస్తున్నారు" అని ఒకరు అనుకోవడానికి అన్ని అవకాశాలూ ఉన్న సందర్భమది.

టేబుల్ టాప్ అంటే ఏమిటి, అందులో ఏం బయటపడుతుంది?

మెకాంగ్ దేశాలు ముందు ఎవరికి వారు, తర్వాత 2007 మార్చిలో కంబోడియాలోని సియెమ్ రీప్‌లో ఆరు దేశాలూ కలిసి, ఫ్లూ మహమ్మారి వచ్చినట్టు ఊహించుకుని కసరత్తు చేశాయి. నిజమైన మందులు, అంబులెన్సులు ఏవీ కదలవు. బల్లల చుట్టూ కూర్చుంటారు, ఒక్కో కార్డు చేతికి వస్తుంది, దాని మీద ఉన్న పరిస్థితికి ఎవరేం చేస్తారో చెప్పాలి.

నేను నడిపిన చిన్న జిల్లా స్థాయి కసరత్తు ఒకటి చెబుతాను, ఎలా ఉంటుందో అర్థమవుతుంది. ఒక హోటల్ హాలు, ఎదురెదురుగా రెండు వరసల బల్లలు, మధ్యలో దుబాసీ. మూడో కార్డు మీద ఇలా ఉంది: "పెళ్ళి భోజనం తిన్న 11 మందికి తీవ్ర జ్వరం, ఆయాసం. ఇద్దరు వెంటిలేటర్ మీద ఉన్నారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు 30 మంది ఈ ఉదయం బస్సులో సరిహద్దు వైపు బయల్దేరారు." డాక్టర్లందరూ గబగబా చెప్పేశారు: బస్సు ఆపాలి, పేర్లు రాసుకోవాలి, మాస్కులు ఇవ్వాలి. అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని కస్టమ్స్ అధికారి చెయ్యెత్తి, "ఆ బస్సు ఆపమని నాకు కాగితం ఎవరిస్తారు? డాక్టరు చెబితే నేను ఆపలేను, నా పై అధికారి చెప్పాలి. ఆయన శనివారం ఫోన్ ఎత్తడు" అన్నారు. హాలంతా నిశ్శబ్దం. రెండు దేశాల పథకాల్లో ఆ బస్సు ఆగిపోయి ఉంది. నిజంగా అయితే వెళ్ళిపోయేది.

కాసేపటికి పశువైద్యుడొకాయన మెల్లగా చెప్పిన మాట ఇంకా గుర్తుంది. "ఈ కథలో ఊళ్ళో కోళ్ళు పది రోజుల ముందే చచ్చిపోయి ఉంటాయి. నాకు తెలిసే ఉంటుంది. మీరెవరూ నన్ను అడగలేదు."

ఆ రోజు సాయంత్రానికి తయారైనది ఒకే ఒక పేజీ. గేటు దగ్గర ఎవరు ఎవరికి ఆదేశం ఇవ్వగలరు, శనివారం ఆయన దొరక్కపోతే ఎవరు, రెండు వైపులా ఆరోగ్యం, పశువైద్యం, కస్టమ్స్ మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, వాళ్ళకి వచ్చిన భాషలు. ప్రతి మూడు నెలలకీ ఆ నంబర్లు పనిచేస్తున్నాయో లేదో చేసి చూడటం. నా దృష్టిలో ఆ పేజీ పెద్ద పథకం పుస్తకం కంటే ఎక్కువ పని చేసింది. తర్వాతి కసరత్తులో ఫోన్లు చేసి చూస్తే మూడింట ఒక వంతు నంబర్లు మారిపోయి ఉన్నాయి, బదిలీల వల్ల. అందుకే మూడు నెలలకోసారి అంటున్నాను.

శాంపిల్ పెట్టె సంగతి

ఇది ఎవరూ రాయరు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. చిన్న దేశానికి అన్ని పరీక్షలూ చేసే ల్యాబు ఉండకపోవచ్చు, పొరుగు దేశపు ల్యాబు దగ్గరగా ఉండొచ్చు. ముక్కు, గొంతు నుంచి తీసిన స్వాబ్‌ని ద్రవం ఉన్న చిన్న సీసాలో వేసి, దాన్ని ఇంకో డబ్బాలో, దాన్ని గట్టి పెట్టెలో, ఇలా మూడు పొరలుగా ప్యాక్ చేస్తారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రెండు మూడు రోజుల్లో ల్యాబుకి చేరాలి, లేదంటే మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. ఇంట్లో ఉండే మామూలు ఫ్రీజర్ లాంటి మైనస్ 20లో పెడితే ఇన్‌ఫ్లుయెంజా వైరస్ పాడైపోతుంది.

ఒకసారి ఒక సరిహద్దు గేటు దగ్గర మా పెట్టె ఆగిపోయింది. లోపల ఉన్నది పరీక్షకి పంపే శాంపిల్ అని చెప్పే డైమండ్ గుర్తు పెట్టె మీద ఉంది, దాన్ని అక్కడి సిబ్బంది ఎప్పుడూ చూడలేదు. "ఇందులో సరుకు విలువ ఎంత? ఇన్వాయిస్ ఏది?" అన్నారు. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళ ఫారంలో ఆ గడి ఉంది, నింపాలి. మధ్యాహ్నం ఎండ. మా డ్రైవర్ దగ్గర్లో కూల్‌డ్రింకుల బండి దగ్గరికి పరిగెత్తి ఐస్ కొనుక్కొచ్చాడు, బయటి పెట్టెలో ఐస్ మారుస్తూ మూడు గంటలకు పైగా నిలబడ్డాం. ఆ శాంపిల్ చివరికి మామూలు సీజనల్ ఫ్లూ అని తేలింది. కానీ ఆ మూడు గంటలు నాకు ఎంత టెన్షన్ అయ్యిందో మాటల్లో చెప్పలేను.

తర్వాత ఏం చేశామంటే, రెండు భాషల్లో ముందే సంతకాలు చేసిన ఉత్తరం ఒకటి గేటు ఆఫీసులో పెట్టించాం. ఖాళీ పెట్టెను తీసుకెళ్ళి సిబ్బందికి తెరిచి చూపించాం. ఆరు నెలలకోసారి ఉత్త పెట్టెతోనే రిహార్సల్.

కోళ్ళ వైపు

మనుషుల డాక్టర్లు తరచూ మర్చిపోయేది ఇది. బర్డ్ ఫ్లూ సరిహద్దు దాటేది వలస పక్షులతోనే కాదు, కోళ్ళ వ్యాపారంతో కూడా. ఒక దేశంలో చంపేసిన కోడికి నష్టపరిహారం వచ్చి, పక్క దేశంలో రాకపోతే ఏమవుతుందో ఆలోచించండి. పరిహారం రాని రైతు కోళ్ళు జబ్బు పడుతున్నాయని తెలియగానే రాత్రికి రాత్రే అమ్మేస్తాడు. పిల్లల ఫీజులు, ఫీడు అప్పు కట్టాల్సిన మనిషి అతను. అతన్ని తిట్టి లాభం లేదు. పరిహారం రేట్ల గురించి పొరుగు దేశాలు ముందే మాట్లాడుకోవడం కూడా మహమ్మారి సన్నాహమే.

గోదావరి జిల్లాలవాళ్ళకి ఆసక్తిగా ఉంటుందని ఇంకో విషయం చెబుతాను. థాయ్‌లాండ్‌లో కూడా కోడిపందేలకు పెద్ద ఆదరణ ఉంది. 2004 నాటి బర్డ్ ఫ్లూ తర్వాత అక్కడి ప్రభుత్వం పందెం కోళ్ళను నమోదు చేయడం మొదలుపెట్టింది. వాటికి పాస్‌పోర్టులు ఇచ్చింది, ఆ కోడి ఎక్కడిదో, ఎక్కడెక్కడ తిరిగిందో, పరీక్షలో ఏం తేలిందో రాసే పుస్తకం. నిషేధిస్తే దాచుకునేవాళ్ళు, నమోదు చేస్తే కనిపిస్తాయి.

మందులు, టీకాలు

దీని మీద ఎక్కువ రాయను, పుస్తకాల్లో బాగానే దొరుకుతుంది. ఒక్క సంగతి తప్పక తెలుసుకోండి. 2007లో ఇండోనేషియా తన హెచ్5ఎన్1 శాంపిళ్ళు బయటికి పంపడం ఆపేసింది. మా వైరస్‌తో టీకా చేసి, మేం కొనలేని ధరకి అమ్ముతారా అన్నది వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దాని ఫలితంగానే 2011లో వైరస్‌లు పంచుకోవడం, టీకాల్లో వాటా ఇవ్వడం రెండూ కలిపి ఒక ఏర్పాటు ప్రపంచ ఆరోగ్య సభలో ఆమోదం పొందింది. పేద పొరుగువాడి దగ్గర సమాచారం తీసుకుని మందు దగ్గర చెయ్యి ముడుచుకుంటే రెండోసారి సమాచారం రాదు.

సరిహద్దు మూసేస్తే సరిపోదా?

మీ ప్రశ్నలో అసలు అనుమానం ఇదే అనుకుంటున్నాను. ఫ్లూ విషయంలో మూసివేత మహా అయితే కొన్ని రోజులో, కొన్ని వారాలో ఆలస్యం చేస్తుంది, ఆపదు. సముద్రం మధ్య ద్వీపానికి కొంత నయం. వెయ్యి కిలోమీటర్ల నది సరిహద్దు ఉన్నచోట గేటు మూస్తే జనం గేటు లేనిచోట దాటుతారు, అప్పుడు ఎవరు దాటారో రాసుకునే మనిషి కూడా ఉండడు. జ్వరం చూసే కెమెరాలూ అంతే, లక్షణాలు రాని మనిషిని అవి పట్టుకోలేవు.

ఇంకో చిక్కు: ముందుగా చెప్పినవాడికి శిక్ష పడటం. 2009 స్వైన్ ఫ్లూ చూడండి. అమెరికా, కెనడా, మెక్సికో 2007లోనే ఉమ్మడి పథకం రాసుకున్నాయి. మహమ్మారి ఎక్కడో దూరాన పుట్టి తమ ఖండానికి వస్తుందన్న ఊహ మీద ఆ పథకం నడిచింది. తీరా వైరస్ వాళ్ళ ఇంట్లోనే బయటపడింది. ఊహ తప్పినా సంబంధాలు పనికొచ్చాయి: మెక్సికో శాంపిళ్ళను కెనడాలోని విన్నిపెగ్ ల్యాబు పరీక్షించి 2009 ఏప్రిల్ 23న ఫలితం చెప్పింది. కాలిఫోర్నియాలో దొరికిన మొదటి రెండు కేసుల్లో ఒకటి సరిహద్దు జబ్బుల నిఘా కార్యక్రమం ద్వారానే తెలిసింది. అదే సమయంలో చాలా దేశాలు పంది మాంసం దిగుమతులు ఆపేశాయి. మాంసం తింటే ఆ ఫ్లూ రాదు. ఇలా జరిగితే ఇంకోసారి ఏ దేశం తొందరగా నోరు తెరుస్తుంది? అందుకే ఉమ్మడి సన్నాహంలో "మీరు ముందుగా చెబితే మేం మీ సరుకు ఆపం, ఆపాల్సి వస్తే ఎన్నాళ్ళో ముందే చెబుతాం" అనే మాట ఉండాలని పట్టుబడతాను.

ఎక్కడ విఫలమవుతుంది?

రాజకీయాలు చెడితే ఇదంతా చాలా త్వరగా పాడవుతుంది. 2025 జులైలో థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులో పోరాటం జరిగింది, గేట్లు మూతపడ్డాయి. అదే ఏడాది సగం గడిచేసరికి కంబోడియాలో హెచ్5ఎన్1 మనుషుల కేసులు పది దాటాయి. ఆ వార్తలు రెండూ ఒకే వారంలో చదివినప్పుడు నాకు మనసు మనసులో లేదు. జిల్లా స్థాయిలో చనువు ఉన్నా, ఫోన్ చేస్తే దేశద్రోహమంటారేమో అని భయపడే రోజులు వస్తాయి. అందుకే ఒప్పందంలోనే 'ఆరోగ్య సమాచారం ఏ పరిస్థితిలోనూ ఆగదు' అని రాసి ఉండాలి. రాసుకున్నా ఆగొచ్చు, కానీ రాసి ఉంటే ఫోన్ చేసిన చిన్న అధికారికి రక్షణ ఉంటుంది.

మన సంగతి కూడా కొంచెం. ఒకే కుటుంబానికి చెందిన హెచ్5ఎన్1 వైరస్ భారత్, బంగ్లాదేశ్ రెండింటిలోనూ తిరుగుతోంది. 2024లో కోల్‌కతా నుంచి తిరిగి వెళ్ళిన చిన్నారికి ఆస్ట్రేలియాలో హెచ్5ఎన్1 అని తేలింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు తెలంగాణ తన సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి ఆంధ్ర కోళ్ళ లారీలను ఆపింది. మార్చిలో పల్నాడు జిల్లాకి చెందిన రెండేళ్ళ పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. ఇక్కడ ఉన్నవి రెండు రాష్ట్రాలే, భాష ఒకటే, దుబాసీ అక్కర్లేదు. అయినా లారీ ఆపిన చెక్‌పోస్టు దగ్గర, ఆ లారీ ఏ ఫారం నుంచి వచ్చిందో వెంటనే అవతలి పశువైద్యుణ్ణి అడిగే ఏర్పాటు ఉండాలి. దేశాల మధ్య కావాల్సినదీ అదే, కొలత మాత్రమే పెద్దది.

మీరు ప్రాజెక్టు కోసం ఏదైనా సరిహద్దు జిల్లాకి వెళ్తే పథకం పుస్తకం అడగకండి, అది అందరి దగ్గరా ఉంటుంది. సర్వైలెన్స్ ఆఫీసర్‌ని ఇవి అడగండి: అవతలి జిల్లాలో మీలాంటి అధికారి పేరేమిటి? ఆయనతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, ఏ జబ్బు గురించి? శనివారం రాత్రి గేటు దగ్గర బస్సు ఆపాలంటే ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ నంబరు అడిగి తీసుకుని, వీలైతే అక్కడే, ఆయన ముందే చేయించి చూడండి. అవతలివాళ్ళు ఎత్తారో లేదో మీ రిపోర్టులో మొదటి పేజీలో రాయండి.